రాక్షసుడని పేరు పెట్టేదెవరు?

మా ఇంట్లో ఒక సాయంత్రం జరిగిన చిన్న సంఘటనతో మొదలుపెడతాను. ముందుగదిలో టీవీలో నేరవార్తలు వస్తున్నాయి. ఆ ఉదయమే పట్టుకొచ్చిన ఒక మనిషికి ముసుగు వేసి పోలీసులు విలేకరుల ముందు నిలబెట్టారు. అతన్ని ఇంకా మేజిస్ట్రేటు ముందు హాజరు పరచలేదు. అప్పటికే తెర అడుగున "నరరూప రాక్షసుడు" అని ఎర్రక్షరాలు పరుగెడుతున్నాయి. వెనకగదిలో మా మనవడు జపాన్ వాళ్ళు ఎప్పుడో తీసిన 'అల్ట్రామాన్' అనే సీరియల్ చూస్తున్నాడు. వాడు ఉన్నట్టుండి వచ్చి, "తాతయ్యా, ఆ రాక్షసుడు అసలేం తప్పు చేశాడు? ఎందుకు చంపుతున్నారు?" అని అడిగాడు. ఏ గదిలో రాక్షసుణ్ణి గురించి అడుగుతున్నాడో నాకు క్షణంసేపు బోధపడలేదు.

వాడు అడిగింది వెనకగదిలో వాణ్ణి గురించే. ముందుగదిలో వాణ్ణి గురించి ఆ ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఆ తేడా ఎందుకు వచ్చిందో ఆలోచిస్తూ రాసిన వ్యాసం ఇది.

జపాన్ సూపర్‌హీరోల గురించీ బొమ్మల సినిమాల గురించీ సాహిత్య విమర్శ పత్రికలో రాయవలసిందేముంది అని మిత్రులు కొందరు అనుకోవచ్చు. పిల్లల కాలక్షేపమనీ వ్యాపార సంస్కృతి సరుకనీ వాటిని కొట్టిపారెయ్యడం తేలిక. సరుకే, సందేహం లేదు. కాని ఆ సరుకు మన ఇళ్ళలోకి వచ్చి చాలాకాలమయింది. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగు మాటలతో కూడా థియేటర్లలో విడుదలయింది. రేపు కథలు రాయబోయే పిల్లలు న్యాయం అనే మాటకు అర్థం ఎక్కడ నేర్చుకుంటున్నారో తెలుసుకోకుండా వాళ్ళ కథలను మనం విమర్శించలేం. ఇది ఒక కారణం. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. యుద్ధానంతర జపాన్‌లో రాక్షసుల కథలు రాసినవాళ్ళూ కోర్టు సినిమాలు రాసినవాళ్ళూ వేరువేరు లోకాల మనుషులు కారు. ఒకచోట ఇద్దరూ ఒకే మనిషి. అది యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

నేరవార్త మనిషికి రాక్షసుడని పేరు పెడుతుంది. అలా పెట్టాలంటే అతని వెనకున్న కారణాలన్నిటినీ తుడిచెయ్యాలి. మంచి రాక్షస కథ, మంచి కోర్టు సినిమా చేసే పని దీనికి పూర్తిగా తలకిందులు. అవి ఆ పేరును పక్కకు తీసి, దాని కింద ఉన్న చరిత్రను చూపిస్తాయి. ఈ సంగతిని కొన్ని ఉదాహరణలతో వివరిస్తాను.

1

1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చింది. దాని బూడిద, చేపల వేటకు వెళ్ళిన ఒక జపాన్ పడవ మీద కురిసింది. పడవలో 23 మంది ఉన్నారు. వాళ్ళలో రేడియో నడిపే మనిషి ఆ సెప్టెంబరులో చనిపోయాడు. నవంబరు 3న ఇషిరో హోండా తీసిన 'గొజిరా' విడుదలయింది. మనం 'గాడ్జిల్లా' అనే జంతువు అదే. సముద్రం అడుగున తన మానాన తాను పడుకున్న ప్రాణిని హైడ్రోజన్ బాంబు లేపింది. అది లేచి వచ్చి టోక్యోను తగలబెట్టింది. కాలిన నగరం, ఆస్పత్రి వరండాల్లో వరసగా పడుకోబెట్టిన క్షతగాత్రులు — 1945ను మరిచిపోని ప్రేక్షకులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఈ సినిమాకు తరవాత ఏమయిందో గమనించాలి. 1956లో అమెరికాలో విడుదల చేసేటప్పుడు ఒక అమెరికన్ విలేకరి పాత్రను చేర్చి కొత్త దృశ్యాలు తీశారు. పాత దృశ్యాలు కొన్ని కోసేశారు. బాంబును నిందించే మాటలు చాలావరకు పోయాయి. రాక్షసుడు మిగిలాడు, అతన్ని లేపినవాడు మరుగున పడ్డాడు. నేరవార్త రాసే పద్ధతి కూడా అచ్చంగా ఇదే. చేసిన పని ఉంటుంది, చేసినవాడి ఫోటో ఉంటుంది. అంతకు ముందు జరిగిందేదీ ఉండదు.

'గొజిరా'కు ట్రిక్ దృశ్యాలు తీసిన ఎయిజీ త్సుబురయా కంపెనీయే 1966 జులైలో టెలివిజన్ కోసం 'అల్ట్రామాన్' ప్రారంభించింది. దీని చట్రం అందరికీ తెలిసిందే. ఒక రాక్షసుడు వస్తాడు. మనుషుల ఆయుధాలు వాడి మీద పనిచెయ్యవు. అప్పుడు వేరే నక్షత్రం నుంచి వచ్చిన వెండిరంగు మహాకాయుడు ప్రత్యక్షమవుతాడు. భూమి మీద ఆయన మూడు నిమిషాలే నిలబడగలడు, గుండె మీద దీపం ఎర్రబడి టిక్కుటిక్కుమంటూ తొందరపెడుతుంది. ఆ మూడు నిమిషాల్లో చేతుల్లోంచి కిరణం వదిలి రాక్షసుణ్ణి చంపి ఎగిరిపోతాడు. ఫిర్యాదు లేదు, సాక్ష్యం లేదు, అప్పీలు లేదు. వారం వారం, అరగంటలోపు తీర్పూ శిక్షా రెండూ అయిపోతాయి.

చట్రం ఇంత మొరటుదైనా దాని లోపల కూర్చుని రాసినవాళ్ళు మొరటు మనుషులు కారు. కథావిభాగానికి నాయకుడు తెత్సువో కింజో ఒకినావా మనిషి. 1972 మే దాకా ఒకినావా అమెరికా పాలనలో ఉంది. జపాన్ వాడే అయిన మనిషి జపాన్ రాజధానికి పరాయివాడిలా రావలసిన కాలం అది. ఎవరు మనవాళ్ళు, ఎవరు బయటివాళ్ళు అనే ప్రశ్న అతనికి కథలో ప్రశ్న కాదు, బతుకులో ప్రశ్న. అతని చుట్టూ చేరిన రచయితల్లో ఒకడు మమోరు ససాకి. ఈ పేరు గుర్తుంచుకోమని పాఠకులను కోరుతున్నాను.

1966 డిసెంబరులో ప్రసారమైన 23వ భాగం ససాకి రాశాడు, అకియో జిస్సోజీ దర్శకత్వం వహించాడు. మా మనవడు చూస్తున్నది ఆ భాగమే. అందులో రాక్షసుడి పేరు జమీలా. అంతర్జాతీయ శాంతి సమావేశానికి వచ్చే ప్రతినిధుల విమానాలను కంటికి కనపడకుండా కూలుస్తుంటాడు. విచారిస్తే తెలుస్తుంది, అతనొక మనిషి. రాజ్యాల అంతరిక్షపు పోటీలో ఒక దేశం అతన్ని ప్రయోగంగా పైకి పంపింది. ప్రమాదం జరిగి అతను నీరులేని గ్రహం మీద పడ్డాడు. పంపిన దేశం పరువు పోతుందని ఆ సంగతి దాచింది, వెతకలేదు. నీళ్ళు లేక, ఎండకు అతని చర్మం బీటలు వారిన నేలలాగా అయింది. అలా మారిన మనిషి పగ తీర్చుకోవడానికి ఇంటికి తిరిగొచ్చాడు.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు స్పష్టంగా ఉంటుంది: అతనెవరో లోకానికి చెప్పవద్దు, ఒక రాక్షసుణ్ణి చంపినట్టుగా చంపండి. దళంలో ఇదే అనే యువకుడు ఒక్కడే ఎదురు తిరుగుతాడు. రేపు మనమూ జమీలా కావచ్చు గదా అన్నది అతని బాధ. చివరికి కథానాయకుడే చంపుతాడు, అదీ నీళ్ళతో. ఏ నీటి కోసం ఆ మనిషి అలమటించాడో ఆ నీటిలోనే బురదలో పొర్లుతూ, పసిబిడ్డ ఏడుపులాంటి అరుపులతో చచ్చిపోతాడు. తరవాత అతని పేర గౌరవంగా ఒక ఫలకం పెడతారు. బతికున్నప్పుడు మనిషని ఒప్పుకోనివాళ్ళు చచ్చిన తరవాత రాతి మీద ఒప్పుకుంటారు. ఇదే మాత్రం దాన్ని చూసి, మాటలు మాత్రం అందంగా ఉంటాయని తనలో తాను గొణుక్కుంటాడు. పిల్లల సీరియల్లో ఇంతటి కోపం ఉండడం నన్ను ఆశ్చర్యపరిచింది.

2

దీనికంటే ఒక అడుగు ముందుకు వేసిన కథ 1971 నవంబరులో వచ్చింది. అది 'అల్ట్రామాన్ తిరిగొచ్చాడు' అనే సీరియల్లో 33వ భాగం. రాసినవాడు షోజో ఉయెహారా, ఇతనూ ఒకినావా వాడే.

నది ఒడ్డున పాడుబడ్డ కొంపలో ఒక దిక్కులేని కుర్రవాడు ఉంటాడు. తండ్రి పనికోసం వలసపోయి తిరిగి రాలేదు, తల్లి చనిపోయింది. కుర్రవాడు రోజంతా ఏదో వెతుకుతూ ఒడ్డున గుంటలు తవ్వుతుంటాడు. వాడు వేరే గ్రహం వాడని ఊళ్ళో పుకారు లేస్తుంది. బడిపిల్లలు వాణ్ణి మెడదాకా పాతిపెట్టి నెత్తిన బురదనీళ్ళు పోస్తారు. రొట్టెల దుకాణంలో డబ్బిస్తానన్నా రొట్టె ఇవ్వరు. ఆ దుకాణం పిల్ల మాత్రం వానలో వెనక పరుగెత్తుకొచ్చి రొట్టె ఇస్తుంది. జాలిపడుతున్నావా అని వాడు అడిగితే, కాదు, మాది రొట్టెల దుకాణం గదా అంటుంది. అమ్మేవాళ్ళు కొనేవాళ్ళకు అమ్మాలి, అంతే. దయ చూపించడం కంటే, మామూలు మనిషిని చూసినట్టు చూడడం ఎంత పెద్ద సంగతో ఆ ఒక్క మాటలో ఉంది.

నిజానికి వేరే గ్రహం నుంచి వచ్చింది ఆ కుర్రవాణ్ణి చేరదీసిన ముసలాయన. వాతావరణం చూసిపోవడానికి వచ్చి, భూమి మీద పొగకూ మురికికీ ఒళ్ళు చెడి తిరిగిపోలేక ఉండిపోయాడు. పెట్టుకున్న పేరు కనయామా. జపాన్‌లో స్థిరపడిన కొరియన్లు పెట్టుకునే పేర్లలో అదొకటి. గుంపు కర్రలు పట్టుకుని కుర్రవాడి మీదికి వస్తుంది. ముసలాయన బయటికి వచ్చి, మీరు వెతికేది నన్ను, వాణ్ణి వదలండి అంటాడు. గుంపుతో వచ్చిన పోలీసు తుపాకితో కాల్చి చంపుతాడు. అంతవరకు ఆ ముసలాయన తన శక్తితో బంధించి ఉంచిన రాక్షసుడు అప్పుడు లేస్తాడు. కాల్చి చంపిన గుంపే, కాపాడమని కథానాయకుణ్ణి వేడుకుంటుంది. ఆ యువకుడు కదలడు. దీన్ని తెచ్చుకున్నది మీరే గదా అన్నది అతని మనసులో మాట. పై అధికారి వచ్చి చెబితే గాని లేవడు.

1923 సెప్టెంబరు 1న టోక్యో, యొకొహామా నగరాలను నాశనం చేసిన భూకంపం తరవాత, కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారని పుకారు పుట్టింది. పత్రికలు ఆ పుకారును వార్తగా అచ్చువేశాయి. స్థానిక దళాలూ పోలీసులూ సైనికులూ కలిసి వేలమంది కొరియన్లను చంపారు. ఉయెహారా కథలో భూకంపం లేదు, కొరియా అనే మాట లేదు. అయినా పుకారు, గుంపు, యూనిఫారం అదే వరసలో వస్తాయి. ఆ చరిత్ర తెలిసినవాళ్ళు గుర్తుపట్టకుండా ఉండలేరు. బొమ్మ రాక్షసుణ్ణి అమ్ముకునే కంపెనీ డబ్బుతోనే అతను ఈ కథ చెప్పాడు. రూపం వ్యాపారానిది కాబట్టి వస్తువు కూడా వ్యాపారానిదే అయి తీరాలని సూత్రం చెప్పే మిత్రులు ఈ ఉదాహరణ ముందు కొంచెం ఆగాలి.

3

ఇక కోర్టుల సంగతి. జపాన్ కోర్టు సినిమా అనగానే మనకు అకిరా కురొసావా 'రషోమాన్' (1950) గుర్తొస్తుంది. అకుతగావా 1922లో రాసిన కథ దానికి ఆధారం. ఒక హత్య, దాని గురించి పొసగని సాక్ష్యాలు. ఆ సినిమాలో న్యాయాధికారి కనిపించడు, అతని గొంతూ వినిపించదు. సాక్షులు నేలమీద కూర్చుని నేరుగా మనవైపు చూస్తూ చెబుతారు. అంటే న్యాయాధికారి స్థానంలో ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టారు. 'సత్యం సాపేక్షం' అని ఈ సినిమాను మెచ్చుకునేవాళ్ళు ఎక్కువ. నాకు మాత్రం ఆ కూర్చోబెట్టడమే ముఖ్యంగా కనిపిస్తుంది. తీర్పు చెప్పే బాధ్యత నీ మీద పడితే ఏం చేస్తావు అని అది అడుగుతుంది.

ఆ సినిమా రాసినవారిలో ఒకరైన షినోబు హషిమోతో ఆరేళ్ళ తరవాత 'మధ్యాహ్నపు చీకటి' రాశాడు. తదాషి ఇమాయి దర్శకత్వంలో 1956లో వచ్చింది. ఇక్కడ సత్యం సాపేక్షం కాదు. 1951 జనవరిలో యమగూచి జిల్లాలోని యకాయి గ్రామంలో ఒక వృద్ధ దంపతులను చంపారు. ఒకడు పట్టుబడి ఒప్పుకున్నాడు. ఒక్కడివల్ల అయ్యే పని కాదని పోలీసులు ముందే నిర్ణయించుకున్నారు. మిగతా పేర్లు చెప్పమని ఒత్తిడి చేస్తే అతను తెలిసిన నలుగురి పేర్లు చెప్పాడు. ఆ నలుగురిలో ఒకరికి ఉరిశిక్ష పడింది. కేసు సుప్రీంకోర్టులో ఉండగానే ఈ సినిమా తీశారు. ప్రాసిక్యూషన్ కథ ప్రకారం ఆ అయిదుగురు ఆ కాస్త వ్యవధిలో ఏమేం చెయ్యాలో మూకీ హాస్యచిత్రంలోలాగా గబగబా నడిపించి చూపిస్తారు. ప్రేక్షకులు నవ్వుతారు. నవ్విన తరవాత, ఈ నవ్వులాటను నమ్మి ఒక మనిషిని ఉరితియ్యబోతున్నారని తెలిసి గొంతు ఆరిపోతుంది. చివరి దృశ్యంలో ముద్దాయి జైలు ములాఖత్ గదిలోంచి తల్లికి, ఇంకా పైకోర్టు ఉందని కేకవేస్తాడు. ఆ కేక 12 ఏళ్ళకు ఫలించింది. 1968 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నలుగురూ నిర్దోషులని తీర్పు చెప్పింది.

రచయితలు మరీ శ్రద్ధగా తెలుసుకోవలసింది మత్సుకావా కేసు. 1949 ఆగస్టు 17 తెల్లవారుజామున ఫుకుషిమా జిల్లాలో మత్సుకావా దగ్గర రైలు పట్టాలు తప్పి, ఇంజనులో ఉన్న ముగ్గురు చనిపోయారు. ఎవరో పట్టాలు ఊడదీశారు. అప్పుడు రైల్వేలోనూ, అక్కడి తోషిబా ఫ్యాక్టరీలోనూ పెద్ద ఎత్తున ఉద్యోగులను తొలగిస్తుంటే యూనియన్లు పోరాడుతున్నాయి. ఒక కుర్రవాడి చేత ఒప్పించిన నేరాంగీకారం ఆధారంగా 20 మందిని ముద్దాయిలను చేశారు. 1950లో కింది కోర్టు అందరికీ శిక్ష వేసింది, వాళ్ళలో అయిదుగురికి ఉరి. 1953లో హైకోర్టు ముగ్గురిని వదిలి 17 మందికి శిక్ష ఖాయం చేసింది.

అప్పుడు కజువో హిరోత్సు అనే నవలా రచయిత రంగంలోకి దిగాడు. అప్పటికే ఆయన అరవై దాటినవాడు. పార్టీ మనిషి కాడు, న్యాయశాస్త్రం చదివినవాడూ కాడు. ముద్దాయిలు జైలునుంచి రాసినవి చదివి, ఇవి అబద్ధమాడేవాళ్ళ మాటలు కావనుకున్నాడు. అంతటితో ఆగితే అది రచయితల జాలి మాత్రమే అయ్యేది. ఆయన ఆగలేదు. హైకోర్టు తీర్పును ఒక పుస్తకాన్ని విమర్శకుడు చదివినట్టు చదివాడు. ఈ మనిషి ఆ రాత్రి ఈ దోవన నడిచాడంటున్నారు, నడవడం సాధ్యమా? ఈ వాంగ్మూలంలో ఈ వాక్యం ఎవరి భాష, కార్మికుడిదా, పోలీసుదా? మొన్నటి వాంగ్మూలంలో లేనిది నిన్నటిదాంట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? పాత్రోచితం కాని సంభాషణను, పొసగని కాలక్రమాన్ని పట్టుకోవడం మనం రోజూ చేసే పనే. ఆ పనినే ఆయన 1954 నుంచి నాలుగున్నరేళ్ళు 'చూవో కోరోన్' పత్రికలో నెలనెలా చేశాడు.

రచయితకు కోర్టుతో పనేమిటని చాలామంది వెటకారం చేశారు. 1955లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఇలాంటి విమర్శలను బయటి రొదగా వర్ణించి, వాటిని లెక్కచెయ్యవద్దని న్యాయమూర్తులకు హితవు చెప్పాడు. ఆ రొదే ముద్దాయిలను బతికించింది. కుట్ర జరిగిందన్న సమయంలో ఒక ముద్దాయి ఫ్యాక్టరీలో యాజమాన్యంతో చర్చల్లో మాట్లాడుతున్నాడని తోషిబా ఉద్యోగి ఒకరు రాసుకున్న నోటుపుస్తకం ఉంది. దాన్ని ప్రాసిక్యూషన్ ఏళ్ళ తరబడి తన దగ్గరే ఉంచుకుంది. 1957లో గాని ఆ సంగతి బయటపడలేదు. 1959లో సుప్రీంకోర్టు 7 – 5 ఓట్ల తేడాతో కేసును తిప్పి పంపింది. 1961లో అందరూ నిర్దోషులని హైకోర్టు తేల్చింది, 1963లో అదే ఖాయమయింది. 1961లోనే సత్సువో యమమోతో ఈ కేసు మీద సినిమా తీశాడు. దానికి పెట్టుబడి ప్రజల చందాలు.

4

ఇప్పుడు మమోరు ససాకి దగ్గరికి తిరిగి రావాలి. జమీలా కథ వచ్చిన రెండో ఏడు, అంటే 1968లో, నగీసా ఓషిమా 'ఉరి' అనే సినిమా తీశాడు. రాసిన నలుగురిలో ససాకి ఒకడు. 1958లో టోక్యోలో ఒక బడిపిల్లను చంపిన కేసులో 18 ఏళ్ళ కొరియన్ యువకుడు పట్టుబడ్డాడు. పట్టుబడక ముందు పత్రికాఫీసుకు తానే ఫోను చేసి హత్య సంగతి చెప్పాడు. 1962లో అతన్ని ఉరితీశారు. ఇక్కడ నేరం జరిగిందా లేదా అనే ప్రశ్నను ఓషిమా తీసుకోలేదు. సినిమాలో ఆ యువకుడి పేరు 'ఆర్'. అతన్ని ఉరితీస్తారు, కాని ప్రాణం పోదు, జ్ఞాపకం పోతుంది. తానెవరో తెలియనివాణ్ణి మళ్ళీ ఉరితియ్యడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని జైలు అధికారులు, డాక్టరు, పూజారి కలిసి అతనికి అతని నేరాన్ని గుర్తుచెయ్యడానికి ఆ నేరాన్ని తామే నటించి చూపిస్తారు. కొరియన్ల ఇల్లు ఎలా ఉంటుందో, వాళ్ళు ఎలా తాగుతారో, ఎలా తిట్టుకుంటారో నటిస్తారు. ఆ నటన నిండా ఉన్నది వాళ్ళ సొంత అసహ్యమే. నటిస్తూ నటిస్తూ ఒక అధికారి నిజంగానే ఒక పిల్ల గొంతు పిసుకుతాడు.

జమీలా కథలో ప్రభుత్వం మనిషిని రాక్షసుడిగా తయారుచేసి, ఆ సంగతి దాచి చంపించింది. 'ఉరి'లో ప్రభుత్వం మనిషికి, నువ్వు రాక్షసుడివేనని పాఠం చెప్పి ఒప్పిస్తే గాని చంపలేకపోయింది. ఒకటి పిల్లలకు, ఒకటి పెద్దలకు. వాటిని రాసిన చెయ్యి ఒకటే, అడిగిన ప్రశ్న ఒకటే.

ఈ రెండూ వెలువడుతున్న కాలంలోనే ఒక నిజమైన 'ఆర్' జైల్లో ఉన్నాడు. 1966 జూన్ 30న షిజువొకా జిల్లాలో మిసో ఫ్యాక్టరీ అధికారి ఇంట్లో నలుగురిని చంపి ఇల్లు తగలబెట్టారు. మిసో అంటే సోయాగింజలను ఊరవేసి చేసే ముద్ద. అక్కడ పనిచేసే ఇవావో హకమాదా అనే మాజీ బాక్సరును ఆగస్టులో అరెస్టు చేశారు. అల్ట్రామాన్ తెరకెక్కి అప్పటికి నెల. ఇరవై రోజులు రోజుకు గంటల తరబడి ప్రశ్నించి ఒప్పించారు. 45 నేరాంగీకార పత్రాలు తయారయ్యాయి. కోర్టు 44 తోసేసి ఒక్కటి ఉంచుకుంది. హత్య జరిగిన ఏడాదికి మిసో తొట్టిలోంచి నెత్తుటి మరకల బట్టలు అయిదు బయటపడ్డాయి. అందులోని లాగు అతనికి పట్టలేదు. అయినా 1968లో ఉరిశిక్ష వేశారు, 1980లో ఖాయం చేశారు. 2014లో పునర్విచారణకు ఆదేశించి విడుదల చేశారు. 2024 సెప్టెంబరు 26న ఆయన నిర్దోషి అని తీర్పు వచ్చింది. ఆ బట్టలను దర్యాప్తు చేసినవాళ్ళే సృష్టించారని కోర్టు అన్నది. అప్పటికి ఆయన వయసు 88. ఉరి కోసం ఎదురు చూసిన ఏళ్ళలో మనసు చెదిరిపోయింది. ఆయన తరఫున జీవితమంతా పోరాడింది అక్క. నిర్దోషి అని తేలిన తరవాత 'మైనిచి' పత్రిక నాడు తాను రాసిన వార్తలకు క్షమాపణ చెప్పుకుంది.

జపాన్‌లో నేరారోపణ పత్రం దాఖలైన కేసుల్లో 99 శాతానికి పైగా శిక్షతో ముగుస్తాయి. ఛార్జి పెట్టకుండా 23 రోజులదాకా నిర్బంధంలో ఉంచి ప్రశ్నించవచ్చు. అంటే అసలు తీర్పు పోలీసు గదిలో తయారవుతుంది, పత్రికలో అచ్చవుతుంది, కోర్టులో దానిమీద ముద్ర పడుతుంది. అల్ట్రామాన్ మూడు నిమిషాల న్యాయానికీ దీనికీ వేగంలోనే తేడా.

5

ఇప్పటి పిల్లలకు ఇవన్నీ పాతవి. వాళ్ళకు తెలిసింది 'డెత్ నోట్'. 2003లో బొమ్మల కథగా మొదలై, 2006లో సినిమాగా, బొమ్మల సీరియల్‌గా వచ్చింది. లైట్ అనే తెలివైన విద్యార్థికి ఒక నోటుపుస్తకం దొరుకుతుంది. మనిషి ముఖం గుర్తుపెట్టుకుని దాంట్లో పేరు రాస్తే ఆ మనిషి చస్తాడు. అతను మొదట చంపింది టీవీ వార్తల్లో చూసిన నేరస్థుణ్ణి. ఆ తరవాత రోజూ వార్తలు పెట్టుకుని కూర్చుని రాస్తూపోతాడు. ఈ కల్పనలోని పదును ఇక్కడుంది: చంపడానికి కావలసినవి ముఖం, పేరు. నేరవార్త ఇచ్చేవీ ఆ రెండే. వాంగ్మూలం, సాక్ష్యం, చరిత్ర ఆ పుస్తకానికి అక్కరలేదు. అతన్ని పట్టుకోవడానికి వచ్చిన డిటెక్టివు కూడా, ఆరోజు ఉరితియ్యవలసిన ఖైదీని తన పేరుతో టీవీలో కూర్చోబెట్టి ఎరగా వాడుకుంటాడు. ఆ ఖైదీ చావు గురించి ఇద్దరిలో ఎవరికీ చింత లేదు. జమీలా కోసం ఇదే పడ్డ బాధ ఈ కథలో పడేవాడు లేడు. లైట్ హంతకుడిగా దిగజారి చావడం వరకు కథ చూపిస్తుంది, నిజమే. అయినా పిల్లల మనసులో నిలిచేది ఆ నోటుపుస్తకం మీది మోజే. నలభై ఏళ్ళలో ఈ రూపం తెలివిలో పెరిగింది, కరుణలో తగ్గింది.

నేరం రుజువైనచోట, అదీ ఘోరమైన నేరమైనచోట, ఈ కరుణ ఎవరికి కావాలి అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 2019 జులై 18న క్యోటోలో ఒక యానిమేషన్ స్టూడియోకు ఒకడు పెట్రోలు పోసి నిప్పు పెట్టాడు. 36 మంది చనిపోయారు, బొమ్మలు గీసి బతికే యువతీయువకులు వాళ్ళలో చాలామంది. తన నవలలోని ఊహలను ఆ స్టూడియో దొంగిలించిందన్నది అతని భ్రమ. మృతుల పేర్లు ప్రకటించవద్దని చాలా కుటుంబాలు కోరినా ప్రకటించారు. వార్తకు చచ్చినవాళ్ళ ముఖాలూ కావాలి. నిప్పు పెట్టినవాడి ఒళ్ళు దాదాపు పూర్తిగా కాలిపోయింది. విచారణ జరగాలంటే అతను బతకాలని డాక్టర్లు నెలల తరబడి శ్రమించి బతికించారు. విచారణలో అతని పేదరికం, చిన్ననాటి హింస బయటికి వచ్చాయి. చనిపోయినవాళ్ళ బంధువులు కోర్టులో అతన్ని నేరుగా ప్రశ్నించారు. 2024 జనవరిలో ఉరిశిక్ష వేశారు.

అతని చరిత్ర తెలియడం వల్ల ఆ 36 మంది చావు తేలికైపోదు. అతని నేరమూ తగ్గదు. కాని ఆ బంధువులకు కావలసింది 'ఎందుకు' అనే ప్రశ్నకు జవాబు. రాక్షసుణ్ణి 'ఎందుకు' అని అడగలేం, మనిషినే అడగగలం. బాధితుల పట్ల గౌరవం ఉన్నవాడు కూడా ఆ మనిషిని రాక్షసుడు కానివ్వకూడదు.

6

మన సంగతి రెండు మాటల్లో. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక పశువైద్యురాలిపై ఘోరం జరిగింది. ఆ దుఃఖం నిజమైనది, కోపమూ న్యాయమైనది. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. జనం ఆ పోలీసుల మీద పూలు చల్లారు. 2022లో బయటపడ్డ జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, నిందితుల్లో ముగ్గురు మైనర్లనీ తేల్చింది. ఆ పది రోజులూ మన పత్రికలూ టీవీలూ వాడిన మాటలు ఒకసారి తిరగేసి చూడండి. 'నిందితుడు' అనే మాట ఎన్నిచోట్ల ఉంది, 'మృగం' అనే మాట ఎన్నిచోట్ల ఉంది? పూలు చల్లినవాళ్ళలో కథలు రాసేవాళ్ళూ, కవితలు రాసేవాళ్ళూ ఉన్నారు. నేను అప్పుడు ఏమీ రాయలేదు. మౌనంగా ఉండడం కూడా ఆ పూలల్లో ఒక పువ్వే అని ఇప్పుడు అనిపిస్తుంది.

యువ రచయితలకు సలహాలు చెప్పే వయసు వచ్చింది గనక ఒకటి చెబుతాను. నేరం మీద కథ రాయదలచుకుంటే పేపరు కత్తిరింపు దగ్గర మొదలుపెట్టకండి. తీర్పు ప్రతి సంపాదించండి. ఎఫ్.ఐ.ఆర్. చదవండి. వాంగ్మూలంలో ఏ వాక్యం మనిషిదో, ఏ వాక్యం రైటరు కానిస్టేబుల్‌దో విడదీయండి. చదవడం తప్ప హిరోత్సు చేతిలో వేరే ఆయుధమేమీ లేదు. చదవడం మనకూ వచ్చు.

మా మనవడికి ఆ సాయంత్రం జవాబు చెప్పాను. ఆ రాక్షసుడు ఒకప్పుడు మనిషి అనీ, దూరం పంపి మరిచిపోయారనీ చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, ముందుగదిలో టీవీ వైపు చూపించి, "మరి ఆయన?" అన్నాడు.

తెలియదురా, ఇంకా ఎవరూ విచారించలేదు అన్నాను.